మీగడ లేని గిన్నె

సాంతా ఫే, అర్జెంటీనా,
1996 ఆగస్టు 4.

చిరంజీవి ఓర్నెలాను అమ్మమ్మ దీవించి వ్రాయునది.

ఇక్కడ అందరం కులాసా. నా మోకాలు ఒక్కటే ఆ మాటకు ఒప్పుకోవడం లేదు. ఈ చలికాలం మంచు కురిసినా నిమ్మచెట్టు బతికింది. నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు చేరాయి. ఒకటి రెండోదానికంటే పొడుగు. దుకాణంవాడు చూసే ఇచ్చి ఉంటాడు, అడుగు.

తూరినో ఆఫీసులో ఉద్యోగం ఖాయమైందా లేదా నువ్వు రాయలేదు. నా ఫోటో మాత్రం ఉత్తరం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అడిగావు. సన్మాన ఫలకం పట్టుకున్న ఫోటో లేదు. ఎందుకు లేదో వరసగా చెప్పనివ్వు.

మన పూర్వీకుల సీమ, మీ తూరినో ఉన్న ఇటలీ పియెమోంతే నుంచి పెద్దమనుషులు వస్తున్నారనీ, పరాయి దేశంలో పైకొచ్చిన మనవాళ్ళను సన్మానిస్తారనీ ఎల్వియో చిన్నతాత చెప్పినప్పుడే నాకు నమ్మకం కుదరలేదు. మా తాత ఓడ ఎక్కిననాడు రేవుదాకా సాగనంపిన అధికారి ఒక్కడూ లేడు.

"ఇన్నేళ్ళకు గుర్తొచ్చామంటే ఏదో కావాలన్నమాట" అన్నాను.

"ఏం కావాలి వదినా, మన ఆవులా?"

"మన పిల్లలు. అక్కడి ఫ్యాక్టరీలకు మనుషులు చాలడం లేదట."

"నీ మనవరాలు ఎప్పుడో వెళ్ళిపోయిందిగా! ఇంకా ఎవరున్నారని భయం?"

నేను లేచి నిమ్మచెట్టుకు నీళ్ళు పోయడానికి వెళ్ళాను.

విత్తనాలు చల్లే యంత్రం కనిపెట్టిన బోయెత్తోను సన్మానిస్తే సబబే. పిండిమర పెట్టిన పెయిరెత్తి కుటుంబాన్నీ కాదనను. కానీ ఆ వరసలో నా పేరెందుకు? బడిలో పిల్లలకు లెక్కలు చెప్పినందుకు కాదట. ఏటా చలికాలంలో మన సంఘం హాల్లో, వేడి గిన్నె చుట్టూ చేరి రొట్టే కూరముక్కలూ ముంచుకు తినే మన బాన్యా కావుదా వండినందుకట! వంటకు సన్మానం ఏమిటని నా అనుమానం ఇంకా పెరిగింది.

ముందురోజు ఎల్వియో ఫలకం తెచ్చి చూపించాడు. బరువైన కంచు. "పూర్వీకుల బాన్యా కావుదాను రవ్వంతైనా మార్చకుండా కాపాడిన దెల్ఫీనా ద్రుయెత్తాకు" అని ఉంది.

"ఇదెవరు రాశారు? నువ్వేనా?"

"నాకు రాయడమే వస్తే ట్రాక్టర్ల కింద దూరి బతుకుతానా వదినా?"

"నా మొహం చూసి చెప్పు."

చూడలేదు. టోపీ చేతిలో నలుపుతూ చెప్పాడు. "నీ ఓర్నెలాయే. ఈ సన్మానాలు చూసేది దాని ఆఫీసే, నీ గురించి అది రాసిచ్చిన కాగితం పైవాళ్ళకు తెగ నచ్చిందట. దాని ఉద్యోగం ఖాయం చెయ్యాల్సింది రవేరాగారు. రేపు వచ్చేదీ ఆయనే. నీకు చెప్పొద్దంది."

మనం గిన్నెలో ఏం వేస్తామో నీకు తెలుసు. వెల్లుల్లి, ఉప్పు చేపలు, ఆ పైన మీగడ. ఆ కాలంలో అసలు వంటకు కావలసిన ఆలివ్ నూనె ఓడలో రావాలి. ఆవు గుమ్మంలో ఉంది. మా అత్తగారి అత్తగారు నూనె తగ్గించి మీగడ పోసింది. మాకు ఇంకో రుచి తెలియదు. నువ్వు మాత్రం రెండేళ్ళుగా తూరినోలో వాళ్ళ గిన్నెలో రొట్టె ముంచుతున్నావు. అక్కడ మీగడ పేరెత్తితే కొట్టడానికి వస్తారని నువ్వే రాశావు.

ఇక దాచి లాభం లేదు. ఆ రోజు నేను మీగడ వెయ్యలేదు. జన్మలో మొదటిసారి నూనెతోనే వండాను. పొయ్యి మీద ఉన్నది ఎవరింటి గిన్నో అనిపించింది.

హాల్లో అందరం గిన్నె చుట్టూ నిలబడ్డాం. రవేరా సన్నటి మనిషి. మిరప ముక్క ముంచి, తిని, కళ్ళు మూసుకున్నాడు. "అచ్చం మా అమ్మమ్మ చేతి వంట" అన్నాడు. ఈ మాట ఎన్ని ఊళ్ళలో అన్నాడో అనుకున్నాను. అయినా నువ్వు గట్టెక్కావు కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

ఇంతలో మన సంఘం ముసలి తొసెల్లో గిన్నెలో ముంచిన క్యాబేజీ ఆకు నోట్లో పెట్టుకుని, తూకంలో మోసపోయినవాడిలా నావైపు చూశాడు. ఎల్వియో భార్య ఇర్మా గొంతు నీకు తెలుసుగా, వీధి చివరికి వినిపిస్తుంది.

"అక్కా! మీగడ మర్చిపోయావేమిటి? ఒంట్లో బాగానే ఉందా?"

"మీగడా?" అన్నాడు రవేరా.

ఎల్వియో పైకప్పు చూస్తున్నాడు.

"మర్చిపోలేదు" అన్నాను. "మీరొస్తున్నారని మానేశాను, ఆ ఫలకం మీది మాట నిజమనిపించాలని. అది నిజం కాదు. మేం మార్చాం. మార్చకపోతే ఈ మైదానంలో ఈ వంట ఎప్పుడో పోయేది."

"అయితే మీరు వండేది ఎలా ఉంటుంది?"

ఇర్మా వంటింట్లోంచి మీగడ తెచ్చింది. పోసి, కలిపి, ముందు పెట్టాను. ఆయన ముంచుకుని చాలాసేపు నమిలాడు.

"ఇది బాన్యా కావుదా కాదమ్మా."

"కాకపోనీండి."

"కొంచెం రొట్టె ఇలా ఇవ్వండి."

గిన్నె అడుగు తుడిచి తిన్నాడు. మర్యాదకా, ఆకలికా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఫలకం ఆయన చేతికే తిరిగి ఇచ్చాను. "ఆ మాట తీసేసి ఇవ్వండి."

"ఇది పోత పోసింది, దెల్ఫీనా గారూ. తీస్తే రాదు."

"అయితే మళ్ళీ పోయించండి."

ఎల్వియో కుర్చీలో కూలబడ్డాడు. రవేరా ఫలకాన్ని తన మఫ్లర్‌లో చుట్టుకుంటూ అడిగాడు. "ఆ కాగితం మా ఆఫీసులో ఎవరు రాశారో మీకు తెలుసా?"

"తెలుసు. నేను చెప్పను. రాసినవాళ్ళే వచ్చి చెబుతారు."

ఆయన ఇంకా ఉరుగ్వే, బ్రెజిల్ తిరిగి నెలాఖరుకు తూరినో చేరతాడు. ఈ ఉత్తరం ముందే అందుతుంది. ఆయన పిలిచేదాకా ఆగకు, నువ్వే వెళ్ళు. నేను చేసింది ఊరందరి ముందు చెప్పుకున్నాను. నువ్వు ఒక్క మనిషి ముందు చెబితే చాలు. ఉద్యోగం పోతే పోనీ, నీ గది ఎవరికీ అద్దెకివ్వలేదు.

ఒకటి మాత్రం అడుగుతాను. అబద్ధమని తెలిసే రాశావా? లేక ఆ కాగితం రాసేటప్పుడు నీ నాలుకకు ఇక్కడి రుచి తప్ప ఇంకోటి గుర్తు రాలేదా? రెండోదే అని రాస్తే నేను నమ్మను. అయినా అలాగే రాయి.

ఎప్పుడొచ్చినా ఉప్పు చేపలు తీసుకురా. మీగడ ఇక్కడ ఉంది.

ఇట్లు,
నీ అమ్మమ్మ
దెల్ఫీనా