తల తిప్పుకుని పట్టిన సంచి

మెదక్,
7 నవంబరు 1967.

ప్రియమైన ఎలిశిబాకు,

అమ్మమ్మ దీవెనలు. వీటిని ముందే రాస్తున్నాను. కింది మాటలు చదివాక నేను దీవించానని నువ్వు నమ్మకపోవచ్చు.

పోయిన నెల సెలవుల్లో నువ్వు వచ్చినప్పుడు నాకు జ్వరం. పిడికెడు బియ్యం కానుక పట్టడానికి చర్చి వరండాలో నా బదులు నిన్ను నిలబెట్టాను. వంటకు బియ్యం తీసే ప్రతిసారీ మన ఆడవాళ్లు దేవుని పేర ఒక పిడికెడు పక్కన పెడతారు. నెలకొకసారి అది తెచ్చి ఒకే సంచిలో పోస్తారు. దాన్ని అమ్మి బోర్డింగు పిల్లలకు బట్టలు కుట్టిస్తాం. ఇదంతా నీకు తెలుసు. కానీ ఈ ఆనవాయితీలో సగమే నువ్వు చూశావు. మిగతా సగం ఎవరూ నోటితో చెప్పరు. పోసేవాళ్లు పోస్తున్నప్పుడు సంచి పట్టినవాళ్లు తల పక్కకు తిప్పుకోవాలి.

నువ్వు తిప్పుకోలేదు. మూడు సంచులు పెట్టి, ఒక్కొక్కరి మూట విప్పి చూసి, సన్నబియ్యం ఒకదానిలో, దొడ్డుబియ్యం ఒకదానిలో, నూకలు ఒకదానిలో పోయించావు. సరుకును రకాలుగా విడదీసి అమ్మితే మంచి ధర పలుకుతుందని మీ కాలేజీలో చెప్పారన్నావు. ధర పలికిన మాట నిజమే. "మనుమరాలు హుషారున్నదమ్మా, మా దుకాణంల కూసుండబెట్టరాదూ" అని బియ్యం కొనే లక్ష్మయ్య మన ఇంటికొచ్చి మరీ నవ్వాడు. మంచంలో పడుకుని నేనూ సంతోషించాను.

మొన్న ఆదివారం సంచి పట్టుకుని నేనే నిలబడ్డాను. దానమ్మ రాలేదు. ఆమె వాడకట్టు నుంచి ఒక్కరూ రాలేదు. మరునాడు వాళ్లింటికి వెళ్లాను. దానమ్మ బియ్యం మిల్లులో చెరుగుతుందని, కూలి కింద నూకలే తెచ్చుకుంటుందని నీకు తెలుసు. చాట పక్కన పెట్టి లేచింది కానీ, ఎప్పటిలా పీట వేయలేదు.

"ఒంట్లో బాగుండలేదా దానమ్మా?" అన్నాను.

"నాకేమైంది పంతులమ్మా, గుండులెక్క ఉన్న."

"మరి నిన్న కానుకకు రాలేదేం?"

"ఏం తేవాలె? నా మూట ఇప్పి, గందరి ముంగట, 'ఇవి నూకలు, గా సంచిల పొయ్యి' అన్నది నీ మనుమరాలు. ఎనక నిలబడ్డోళ్లు నవ్విండ్రు. ఇన్నేండ్ల సంది పోస్తున్న, నేను నూకలు తెస్తనని మా దేవునికొక్కనికే ఎరుక. ఇప్పుడు ఊరందరికీ ఎరుకైంది. ఒక్కమాట అడుగుత, చెప్పు. దేవుని తాన గూడ సంచులు వేరేనా?"

నలభై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, తల దించుకుని వచ్చిన దారినే ఇంటికి వచ్చేశాను.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. కరువు రోజుల్లో మా అమ్మ నన్ను చంకనెత్తుకుని రేగోడు నుంచి ఈ ఊరికి వచ్చింది. మా ఇంట్లో బియ్యం ఉడికేది కాదు. కానుకకు జొన్నలు తెచ్చేది. సంచి పట్టుకున్న ఆమె తల తిప్పుకునేది. పోసి వచ్చేటప్పుడు మా అమ్మ మెడ నిటారుగా ఉండేది. ఆ నడక నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. జొన్నలు వేరే పోయమని ఆనాడు ఎవరైనా అని ఉంటే ఆమె మళ్లీ ఆ మెట్లు ఎక్కేది కాదు. ఆ చర్చివాళ్ల బడి మెట్లు నేనూ ఎక్కేదాన్ని కాదు.

అందుకే నిర్ణయించాను. ఈ ఏడాది పరీక్షలతో నీ బి.కాం. ఆపేయి. ఆ చిన్న కాలేజీలో నీ తరగతిలో నువ్వొక్కదానివే ఆడపిల్లవని గొప్పగా చెప్పుకున్నాను. ఆ గొప్ప ఇక చాలు. ఇక్కడ టీచర్ ట్రైనింగులో చేరుదువుగాని. నీ తల్లి పోయాక పెంచినదాన్ని, చదివిస్తున్నదాన్ని, ఆ హక్కుతో చెబుతున్నాను. మనుషుల మూట విప్పి చూడమనే చదువు మన ఇంటికి వద్దు.

ఇట్లు,
నీ మేలు కోరే అమ్మమ్మ
సువార్తమ్మ

*

మెదక్,
4 డిసెంబరు 1967.

నా తల్లీ ఎలిశిబా,

నీ జవాబు అందింది. "మీరు చెప్పినట్టే చేస్తాను" అని ఒక్క వాక్యం. ఎదురు చెప్పలేదు, బతిమాలలేదు. బుద్ధి వచ్చిందనుకున్నాను. నిన్న చర్చిలో ఆరాధన మొదలుకాకముందే దానమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో మూట ఉంది.

"నీ మనుమరాలు వచ్చిపోయింది, ఎరుకేనా?" అంది.

ఎరుక లేదు. అంతకుముందు ఆదివారం నువ్వు తూప్రాన్ మీదుగా బస్సులో వచ్చి, సరాసరి దానమ్మ ఇంటికి వెళ్లి, మళ్లీ బస్సెక్కి వెళ్లిపోయావట. నేనున్న ఊరికి వచ్చి నా గడప తొక్కకుండా వెళ్లావు! నా ముఖం ఎలా మారిందో గాని, దానమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కోపం జెయ్యకు పంతులమ్మా. 'అమ్మమ్మ తానకు పోతలేవా బిడ్డా' అంటే, 'భయమైతది' అన్నది. నీకు భయపడనోళ్లెవరు, మా పాస్టరయ్యనే భయపడతడు! మా గడపల కూసున్నది. ఏడుస్తదేమో అనుకున్న, ఏడ్వలేదు. 'తప్పు నాది, ఎట్ల దిద్దుకోవాలె' అని నన్నే అడిగింది. 'ముందుగాల జావ తాగు' అన్న. నూకల జావే పోసిన, చూద్దామని. గిన్నె ఖాళీ చేసి ఇంకింత అడిగింది!"

నేను నవ్వలేదు. ఇంకేమన్నావో చెప్పమన్నాను.

నువ్వు ఆమెతో అన్నదంతా చెప్పింది. బియ్యంగా అమ్మితే సన్నం, దొడ్డు, నూకలు అన్న మాట వస్తుంది. అన్నీ కలిపి పిండి పట్టించి అమ్మితే ఆ మాటే ఉండదు, ధరా పోదు అన్నావట. ఒప్పుకుంటేనే చేద్దాం, లేకపోతే వద్దు అని ఆ వాడకట్టులో గడప గడపకూ వెళ్లి అడిగావట. మిగతావాళ్లు సరేనన్నారట, ఇద్దరు మాత్రం తలుపు తీయలేదట. తీయనివాళ్ల గడప ముందు కూడా కాసేపు నిలబడ్డావట.

"దాని సదువు మానిపిస్తున్నవట?" అంది దానమ్మ.

"నీకోసమే" అన్నాను.

"నాకోసమైతే మానిపియ్యకు. దుకాణాలల్ల కూసున్నోళ్లను మస్తుమందిని చూసిన. తక్కువ తూచినోడు గాని, నలుగురిల నవ్వినోడు గాని, మా గడపకొచ్చి తప్పన్నోడు ఒక్కడు లేడు. గసోంటి పిల్ల తక్కెడ కాడ కూసుంటేనే మా అసోంటోళ్లకు నయం. బడిల చెప్పనీకె నీ అసోంటోళ్లు ఉన్నరు గద!"

ఎలిశిబా, నేను నీ చదువును తప్పుపట్టాను. తప్పు చదువుది కాదు. తల తిప్పుకోవాలని నీకు ఏ పుస్తకమూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే నువ్వు నేర్చుకున్నావు. బి.కాం. పూర్తి చెయ్యి. ట్రైనింగు స్కూలుకు రాసిన దరఖాస్తు చించేశాను.

ఒక్క షరతు. ఇంకెప్పుడైనా ఈ ఊరికి వస్తే ముందు నా దగ్గరికి రా. నేను కోప్పడితే కోప్పడనీ. జావ నా దగ్గరా ఉంటుంది.

ఆరాధన అయ్యాక వరండాలో ఒకే సంచి పట్టుకుని నిలబడ్డాను. తలుపు తీయని ఆ ఇద్దరూ నిన్న కూడా రాలేదు. వాళ్లు వచ్చినప్పుడే వస్తారు. దానమ్మ తన వంతు వచ్చాక మూట విప్పింది. నేను చర్చి గోపురం వైపు తల తిప్పుకున్నాను. సంచిలో పడుతున్న చప్పుడు మాత్రం విన్నాను. ఆమె మెట్లు దిగి వెళ్తుంటే వెనక నుంచి చూశాను. మెడ నిటారుగానే ఉంది.

నీ రాక కోసం చూసే,
అమ్మమ్మ