గడప కింద కుండ

మేజిస్ట్రేటు దొరగారికి, కోటిపల్లి రేవులో చేపలమ్ముకునే పెద్దింట్లమ్మ, ఏళ్లు డెబ్బై పైన, చెప్పి రాయించిన మనవి. ఇంట్లో నేనూ, వేటకెళ్లే కొడుకు అమ్మిరాజూ, కోడలు లోవమ్మా ఉంటామండి.

లోవమ్మకి అయిదో నెలలో కడుపు పోయింది. పోయిన బిడ్డ మళ్లీ ఆ కడుపునే పడాలని, మా ఆచారం ప్రకారం కొత్త కుండలో పెట్టి గడప కింద పాతాను. మునసబుగారు దాన్ని తవ్వించి, బిడ్డని చంపి దాచిందని కోడలి మీద రాసుకెళ్లారు. దాచేదాన్నయితే ఎదురుగా గోదారి ఉందండి, రోజూ దాటే గడప కింద పెడతానా?

రేపు లోవమ్మని తీసుకెళ్లడానికి జవాన్లు వస్తారట. ఏడిస్తే నేరం ఒప్పుకున్నట్టేనని ఎవరో అన్నారు, పిల్ల ఏడవడం కూడా మానేసింది. నాకు భయంగా ఉందండి. దానిది పచ్చి ఒళ్లు. పాతిన చేతులు నావి, నన్ను తీసుకెళ్లండి.

పెద్దింట్లమ్మ నిశాని.

సాక్షులు: పొరుగింటి పల్లంరాజు, వీరబ్రహ్మం. అంతా కళ్లారా చూసిన పాపాయి అనే మంత్రసాని వస్తానని రాలేదు.