కుడి పేజీలు

చిరంజీవి పిడుగుకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీ అమ్మ మోకాలు తప్ప. ఆ మోకాలు తన గురించి విడిగా ఒక ఉత్తరం రాయమనేంత గొడవ చేస్తోంది. తాతయ్యకు చెవులు పూర్తిగా పోయాయి. కాపురం మునుపటికన్నా ప్రశాంతంగా ఉంది.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. సంపాదకుడు నీ వ్యాసంలో సగం కొట్టేస్తున్నాడన్నావు. నా సంపాదకుడూ అంతే. "మీరు ఎడారి దాటారు, సంతోషం. పాఠకుణ్ణి కూడా దాటించాలి కదమ్మా!" అనేవాడు. పోట్లాడు. పోట్లాడాక అతను కొట్టేసింది మళ్ళీ చదువుకో. పదింట ఎనిమిదిసార్లు అతనిదే సబబు. ఆ మాట అతనితో అనకు.

బూట్ల సంగతి అడిగావు, ఒక నంబరు పెద్దవి కొనుక్కో. చేపల పడవలో నలభై రోజులున్నా, మంట ఆరని బొగ్గు గనిలో దిగినా, నన్ను ఏడిపించింది ప్రమాదాలు కాదు, బొటనవేలు.

ఇక గుహ. పన్నెండో తేదీన వెళుతున్నావు. నా పుస్తకంలో ఏడో అధ్యాయం చింపి జేబులో పెట్టుకున్నావట. చింపినందుకు తర్వాత తిడతాను. మూడో మలుపు దగ్గర ఎడమ దారి పడితే లోపలి చెరువు వస్తుంది కదా అని అడిగావు. మొన్న ఫోన్లో వెళ్ళొద్దంటే, "నువ్వు వెళ్ళొచ్చి నన్నొద్దంటావేంటి అమ్మమ్మా! వయసుతోపాటు భయం కూడా వస్తుందా?" అని నవ్వావు. సరదాకే అన్నావు. గుమ్మడికాయల దొంగంటే నేను భుజాలు తడుముకున్నాను. దీనికి జవాబు నోటితో చెప్పేది కాదు. నలభై ఏళ్ళు రాసి బతికినదాన్ని, రాస్తేనే వస్తుంది.

నా పద్ధతి నీకూ నేర్పాను. నోటుపుస్తకంలో కుడి పేజీ కళ్ళతో చూసినదానికి, ఎడమ పేజీ ఎవరైనా చెప్పినదానికి. ఆ గుహ నోటుపుస్తకం దీంతోపాటు పంపుతున్నాను. రెండో మలుపు తర్వాత కుడి పేజీలు తిరగేసి చూడు. అన్నీ ఖాళీ.

నేను రెండో మలుపు దాటలేదు. అక్కడ పైకప్పు మోకాలి ఎత్తుకు దిగిపోయింది, పాకితే తప్ప లాభం లేదు. బోర్లా పడుకుని లాంతరు ముందుకు తోశాను. కాళ్ళు కదల్లేదు. దారి చూపేవాడు "పర్లేదు లెండమ్మా, అవతల ఏముందో నేను చెబుతాగా" అన్నాడు. బయట బండ మీద కూర్చుని టీ తాగుతూ అతను చెప్పాడు, నేను ఎడమ పేజీల్లో రాసుకున్నాను. పుస్తకంలోకి వచ్చేసరికి అవన్నీ "పాకాను", "చూశాను", "నీళ్ళలో చెయ్యి ముంచాను" అయ్యాయి. బహుమతి వచ్చింది ఆ అధ్యాయానికే.

అదింకా సగమే. పుస్తకం వచ్చిన ఏడాది ఆ దారి చూపినవాడే సంతకం కోసం ఇంటికొచ్చాడు.

"చెరువు భలే రాశారమ్మా, కళ్ళకు కట్టినట్టు! నేనూ చూసినట్టే అయింది."

"చూసినట్టేమిటయ్యా, నువ్వేగా చెప్పింది?"

"నేనెక్కడ చూశానమ్మా! మా మామ చెప్పేవాడు. ఆయనకి కాస్త కోతలెక్కువ లెండి."

సంతకం పెట్టి పంపించాను. పుస్తకం మాత్రం దిద్దలేదు. ఆ గుహలోకి ఎవరు పోతారులే అనుకున్నాను. నువ్వప్పటికి పుట్టలేదు.

ప్రచురణకర్తకు నిన్న రాశాను, కొత్త ముద్రణలో ఈ సంగతి వేస్తారు. నా పరువు సంగతి నేను చూసుకుంటాను. మూడో మలుపు దగ్గర ఎడమకు దారి ఉందో, గొయ్యి ఉందో, అసలు మూడో మలుపే లేదో నాకు తెలియదు. ఆ కాగితాలు జేబులోంచి తీసి పారెయ్. వెళ్ళొద్దనను, ఆ హక్కు పోగొట్టుకున్నాను. గుహల్లో తాళ్ళతో దిగడం తెలిసినవాళ్ళను వెంట తీసుకెళ్ళు. వాళ్ళను ముందుగా "మీరు చూశారా, విన్నారా?" అని అడుగు.

ఆ ఖాళీ పేజీలు ఇక నీవి. చెరువు కనిపిస్తే రాయి. భయమేసి వెనక్కి తిరిగితే అది కూడా కుడి పేజీలోనే రాయి. ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు మనసొప్పలేదు.

ఇట్లు,
రెండో మలుపు దాకా వెళ్ళిన
మీ అమ్మమ్మ