నిశ్శబ్దంగా పన్నెండు బొమ్మలు

ఫిబ్రవరి 2, ఉదయం 6.10

ఈ రోజు నుంచి సంగీతం బంద్!

కారణం కూడా రాసి పెట్టుకుంటాను, రేపు మర్చిపోయినట్టు నటించకుండా. నిన్న విజయవాడ నుంచి దీప్తి గారు ఫోన్ చేశారు. ఊరి పనుల మీద ఒకటో తరగతి పిల్లల కోసం తెస్తున్న బొమ్మల పుస్తకానికి ఆవిడే ఎడిటర్.

"రిహానా గారూ, శాంపిల్ బొమ్మలు బాగున్నాయండీ. కానీ అన్నీ ఊగుతున్నాయి. మిరపకాయలు ఏరే ఆడవాళ్లు కోలాటం ఆడుతున్నట్టున్నారు. పత్తి బస్తాలు కూడా నడుం తిప్పుతున్నాయి! పిల్లలు చూసి ఇది బస్తా, ఇది కాటా అని గుర్తుపట్టాలి కదండీ. పద్నాలుగో తేదీకల్లా పన్నెండు బొమ్మలు, కదలకుండా కావాలి. లేకపోతే వేరే ఆర్టిస్టుకి ఇచ్చేయమంటున్నారండీ మావాళ్లు."

ఇది నా మొదటి పుస్తకం. ఇప్పటిదాకా వేసినవన్నీ శుభలేఖలు, కారం ప్యాకెట్ల మీద బొమ్మలు. ఈ పుస్తకం నాకు కావాలి. అన్నం కంటే ఎక్కువ కావాలి. (ఇది అమ్మ చదవకూడదు.)

తప్పెక్కడుందో నాకు తెలుసు. చెవిలో పాట ఉంటే నా చెయ్యి కుదురుగా ఉండదు. కాబట్టి:

1. ఫోన్, ఇయర్‌ఫోన్లు అమ్మ బీరువాలోకి.
2. కూనిరాగాలు నిషేధం.
3. తాతయ్య సాధన ఇంట్లో వద్దు.

మూడోది చెప్పడానికే గంట పట్టింది. తాతయ్య అంటే ఇమాం హుస్సేన్. చిలకలూరిపేట చుట్టుపక్కల పదూళ్లలో ఆయన నాదస్వరం లేకుండా ఏ గుడిలోనూ కల్యాణం జరగదు. డెబ్బై నాలుగేళ్లొచ్చినా తెల్లారేసరికి సాధనలో ఉంటాడు.

"పన్నెండు రోజులేగా! మిరప కల్లంలో వాయించుకుంటాలేమ్మా" అన్నాడు.

బంగారం మా తాతయ్య!

ఫిబ్రవరి 3

5.00: లేచాను. నిశ్శబ్దం. ఆహా!

9.00: కాటా బొమ్మ పూర్తి. కదలట్లేదు!

11.00: బస్తా పూర్తి. అదీ కదలట్లేదు!! నాలో ఇంత క్రమశిక్షణ ఉందని నాకే తెలియదు.

11.20: తాతయ్య కల్లం నుంచి తుమ్ముకుంటూ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఊదే ముందు గుండె నిండా గాలి పీల్చాలి కదా, ఎండుమిరప ఘాటంతా లోపలికి పోయింది. "స్వరాల కంటే తుమ్ములే ఎక్కువొచ్చాయి" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. అమ్మ నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 5

తాతయ్య సాధన మానేశాడు. వరండాలో కూర్చుని చేతికర్ర మీద వేళ్లు ఆడిస్తున్నాడు. శబ్దం లేదు కాబట్టి రూల్ తప్పినట్టు కాదు.

చిక్కేమిటంటే, ఆ వేళ్లను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. ఏ వేలు ఎప్పుడు లేస్తోందో చూస్తే చాలు, నాకు రాగం వినపడిపోతోంది. ఈ రోజు పది నిమిషాల పాటు మోహన రాగం విన్నాను. చెవులు మూసుకుంటే ఆగలేదు, కళ్లు మూసుకోవాల్సి వచ్చింది. కళ్లు మూసుకుని బొమ్మ ఎలా వేస్తారు? కుర్చీ గోడ వైపు తిప్పుకున్నాను.

ఫిబ్రవరి 7

రూల్స్‌లో కొన్ని సవరణలు (అవసరం కొద్దీ):

కూరగాయల ఆటో మైకు సంగీతం కాదు. సమాచారం.

కోటప్పకొండ తిరునాళ్లకు మా వీధి చివర ప్రభ కడుతున్నారు, ఊరేగించడానికి తాటిచెట్టంత ఎత్తున. పొద్దున్నుంచీ మైకులో పాటలే పాటలు. పెట్టింది నేను కాదు కాబట్టి తప్పు నాది కాదు. కిటికీ తీసింది మాత్రం నేనే, గాలి కోసం.

రోట్లో పచ్చడి నూరుతున్న అమ్మకు తాళం తప్పింది. వంటింట్లోకి వెళ్లి సరిచేశాను. అది ఇంటిపనిలో సాయం కిందకు వస్తుంది. "నీకు పచ్చడి కావాలా, నాకు పాఠం చెప్పాలా?" అంది అమ్మ. పచ్చడే కావాలన్నాను.

ఏడు బొమ్మలయ్యాయి. అన్నీ పెళ్లి ఫోటోకు నిలబెట్టిన బంధువుల్లా బిగుసుకుని ఉన్నాయి. దీప్తి గారికి నచ్చి తీరాలి.

ఫిబ్రవరి 9

రాయకూడదు గానీ రాస్తున్నాను. ఈ బొమ్మలు నాకు నచ్చట్లేదు.

ఆరేళ్లప్పుడు తాతయ్య నాదస్వరం నా చేతికిచ్చాడు. ఎంత ఊదినా గాలే తప్ప స్వరం రాలేదు. కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ ఏడ్చాను. "ఊదలేకపోతే ఏమైందే? వింటా కూర్చో" అని చేతిలో సుద్దముక్క పెట్టాడు. ఆయన రాగం సాగదీసినంతసేపూ అరుగు మీద గీత లాగాను. ఆయన ఆగిన చోట ఆగాను. అదే నా మొదటి బొమ్మ. ఆ తర్వాత ఆయన వెంట పెళ్లిళ్లకు తిరిగి, మిగిలిపోయిన శుభలేఖల వెనక జనాన్ని వేశాను. ఇప్పటికీ నా గీత ఆయన ఊపిరంత పొడుగే ఉంటుంది.

ఈ వారం నా గీతలన్నీ స్కేలంత పొడుగున్నాయి.

అయినా సరే, పట్టుదల! పెళ్లి మేళం బొమ్మ మిగిలింది. రెండు పేజీల నిండా పరిచే బొమ్మ.

ఫిబ్రవరి 11

10.00: పన్నెండో బొమ్మ పూర్తి! తాళి కట్టే ఘట్టం. నలభై మంది జనం. ఒక్కరూ కదలట్లేదు! గెలిచాను!

10.15: తాతయ్యకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, ఈ నాదస్వరం ఆయన ఊదట్లేదే. బుగ్గలు చూడు. చుట్ట ముట్టించుకుంటున్నాడు."

వంగి ఆ బుగ్గలు చూశాను.

"డోలు ఆయనేంటి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు? అక్కడ పెళ్లికొడుకు తాళి కడతా ఉంటే గట్టిమేళం మోగొద్దూ? ఎవరన్నా తుమ్మినా, ఎవరన్నా చెడ్డమాట అన్నా వినపడకూడదనే కదమ్మా ఆ మోత. గట్టిమేళం లేకుండా తాళి కట్టించావు. ఈ పెళ్లి చెల్లదు."

ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. నాదస్వరం ఇంట్లో పుట్టి మేళాన్ని మూగగా వేశాను. నలభై మందిని కూర్చోబెట్టాను, ఒక్క చప్పుడు వేయలేదు.

"ఏడవకే. నీకు పుస్తకం కావాలిగా. ఇట్లాగే పంపు" అన్నాడు తాతయ్య. ఆ మాటకు ఇంకా ఎక్కువ ఏడ్చాను.

ఫిబ్రవరి 12

4.50: నాదస్వరం సంచీ నేనే తెచ్చి తాతయ్య మంచం పక్కన పెట్టాను.

"పన్నెండు రోజులు కాలేదుగా?"

"గట్టిమేళం కావాలి తాతయ్యా."

"మరి డోలో?"

5.30: తాతయ్య మేళంలో డోలు వాయించే జయరావు మామ లుంగీ మీదే వచ్చేశాడు. మొహం కూడా కడుక్కోలేదు.

5.40: మొదలు!!!

వారం పైగా సాధన లేక తాతయ్య ఊపిరి రెండుసార్లు మధ్యలో తెగింది. నా వల్లే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మూడోసారి నిలబడింది. నా పెన్సిల్ కూడా.

7.00: పక్కింటి వెంకాయమ్మ పిన్ని గోడ మీద నుంచి: "ఏమే జమీలా, పెళ్లి పెట్టుకుని మాకు ఒక్క మాటన్నా చెప్పలేదేంటే!" అమ్మ నా గది వైపు వేలు చూపించింది.

12.00: కొత్త పెళ్లి బొమ్మ పూర్తి. నలభై మందీ కదులుతున్నారు. అరటి చెట్లూ, పందిరి గుంజలూ, పురోహితుడి పిలకా కదులుతున్నాయి.

12.10: బీరువాలోంచి ఫోన్ తీసి పాత బొమ్మలు పన్నెండూ, ఈ కొత్తదీ దీప్తి గారికి పంపాను. "పాటలు మానేసి వేసినవి మీరు అడిగినవి. చివరిది నాది. పుస్తకం పోయినా ఫర్వాలేదు" అని రాశాను.

12.11: ఎందుకు ఫర్వాలేదు? చాలా ఫర్వా ఉంది! మెసేజ్ తీసేద్దామంటే అప్పటికే చూసేశారు!

ఫిబ్రవరి 14

10.30: దీప్తి గారి ఫోన్.

"రిహానా గారూ, మీ రెండు పెళ్లిళ్లూ మా అమ్మకు చూపించానండీ. మొదటిది చూసి, 'అయ్యో పాపం, ఎవరు పోయారే?' అంది. రెండోది చూసి కాఫీ గ్లాసు మీద దరువేసింది. మావాళ్లతో పోట్లాడాను. పుస్తకం మీదేనండీ."

వంటింట్లోకి పరిగెత్తి అమ్మను ఎత్తి గిరగిరా తిప్పాను. గరిటె కూడా మాతోపాటే తిరిగింది. ఫోన్ ఇంకా కట్ కాలేదు.

"హలో, ఉన్నారా? ఒక్క విషయమండీ. నాగలి, చేట, పార లాంటి వస్తువుల బొమ్మలు ఇంకో ఎనిమిది కావాలి. అవి మాత్రం కదలకూడదు. పాటలు మానేసి వేశానన్నారుగా, వీటికి కూడా అలాగే మానెయ్యండి. నాకు మాటివ్వాలి."

ఇచ్చాను.

కాబట్టి రేపటి నుంచి మళ్లీ సంగీతం బంద్! ఈసారి పక్కా! ఫోన్ బీరువాలోకి. కిటికీ మూత. వంటింటి గడప తొక్కను. తాతయ్యకు చెప్పాను. "సరేనమ్మా" అని ఆయన కల్లం వైపు చూసిన తీరు చూశాక, ఒకే ఒక్క సవరణ: ఐదు నుంచి ఏడు దాకా ఆయన సాధన ఇంట్లోనే, నా గది ముందే. ఏడు దాటాక మాత్రం నిశ్శబ్దం. చీమ చిటుక్కుమన్నా ఊరుకోను.

బొమ్మలు వేసేది ఐదు నుంచి ఏడు దాకా.