కార్ల సంఘానికి చందా కట్టవద్దు

కైలాసం,

అన్నం, పప్పుచారు పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. అరుణ పుట్టింటి నుంచి రేపు కదా వచ్చేది, పాలు నువ్వే కాచి తోడు వెయ్యి. నేను వాడపల్లికి స్నానానికి పోతున్నాను. సాయంత్రం బస్సుకు వస్తాను.

"అన్న ఉన్నన్నాళ్లు ఏటేటా కట్టిండు గదా వదినా, ఇప్పుడు ఆపితే మంచిగుంటదా?" అని నిన్న, దారిలో కారు చెడిపోతే మనిషిని పంపే కార్ల సంఘం చందా గురించి అడిగావు. ఆలోచించాను. కట్టవద్దు. కోదాడ పెళ్లి నుంచి వస్తూ హుజూర్‌నగర్ దాటాక కారు ఆగితే, ఆ సంఘం వాళ్లు మనిషిని మరునాడు పంపుతామన్నారు. మన మిల్లు లారీ నడిపే రూప్లా వచ్చి తాడు కట్టి లాక్కొచ్చాడు. అతనికి ఎవరు చెప్పారని మీరెవరూ అడగలేదు.

నేనే చెప్పాను. శుభకార్యానికి పోయొచ్చే కారులో నన్ను ఎక్కించుకోరు కనుక మీ వెనక బస్సులో వస్తున్నాను. రోడ్డు పక్కన మిమ్మల్ని చూసి దిగుదామనుకున్నాను. "ముండమోపి వెంబడొచ్చింది, గందుకే ఆగింది" అని కారులో ఉన్న మీ అత్త అంటుందని దిగలేదు. నేరుగా మిల్లుకు పోయి రూప్లాను పంపాను.

శుక్రవారం నడిగూడెంలో నిశ్చితార్థానికి నన్ను కారులో తీసుకుపో. మీరు గేటు దాటేదాకా ఎదురుపడకుండా వంటింట్లో నిలబడడం ఇక నా వల్ల కాదు.

వదిన

ఎవరైనా ఏమైనా అంటే, "వదినను నేనే రమ్మన్న" అని చెప్పు. నేను అడిగానని చెప్పకు.