బల్ల సొరుగులో నలభై ఒక్క రోజులు

మూసివేసిన అణు విద్యుత్ కేంద్రపు శుద్ధి పనుల కార్మిక ఆరోగ్యాధికారి గారి సముఖమునకు, అదే కేంద్రంలోని బ్యాడ్జీ గది గుమాస్తా మనవి చేసుకొను మూడవ అర్జీ.

అయ్యా,

విషయం: నా తమ్ముడి పేరు ఎదుట నేను వ్రాసిన సున్నలను దిద్దించి, అతనికి కేంద్రం వారి ఆస్పత్రిలో మంచం ఇప్పించుట గురించి.

పై విషయమై ఇదివరకే రెండు అర్జీలు పెట్టుకొని యున్నాను. రెండింటికీ ఒకటే జవాబు వచ్చినది. "రికార్డుల ప్రకారం సదరు కార్మికుని డోసు సున్న. కావున ఆయన రేడియేషన్ గల చోట పనిచేసినట్లు భావించుటకు వీలులేదు." జవాబు సక్రమముగానే ఉన్నది. ఇందులో తమరి తప్పేమీ లేదు. ఆ రికార్డు వ్రాసినది నేను. ఆ సంగతి మొదటి రెండు అర్జీలలో దాచాను, ఇందులో దాచడం లేదు.

1. నా ఉద్యోగ ధర్మము ఏమనగా, లోపలికి వెళ్ళు ప్రతి మనిషికీ ఛాతీకి తగిలించుకొను బ్యాడ్జీ ఇచ్చుట, అతను బయటికి వచ్చిన పిదప దాని మీది అంకె చూచి రిజిస్టరులో ఎక్కించుట. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో ఆ అంకె చెబుతుంది. దానినే డోసు అంటాము. ఏడాదికి ఇంత అని హద్దు ఉన్నది. హద్దు నిండినవాణ్ణి ఆ రోజే బయటి పనికి మార్చవలెను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఈ పని నాకు అప్పగించారు.

2. నా తమ్ముడు గ్యాస్ కటింగ్ పనివాడు. అంతకు ముందు బయటి వర్క్‌షాపులోనే ఉండేవాడు. వాడిన ఇంధనం నిలవచేసిన నీళ్ళ తొట్టి గదిలో పాత పైపులు కోయవలసి వచ్చినప్పుడు వాణ్ణి పిలిపించారు. ఆ గదిలో పైపులన్నీ గోడ మూలకు ఉంటాయి. మోకాళ్ళ మీద కూర్చుని, మెడ పక్కకి వంచి కోయాలి. మొదటి రోజు పొద్దున వాడు నా కిటికీ దగ్గరికి వచ్చి బ్యాడ్జీ తీసుకోకుండా నిలబడ్డాడు.

"ఇక్కడ ఆరు రోజులకే నా హద్దు నిండిపోతుంది అన్నయ్యా. పని చూస్తే నలభై రోజులుంది. నా వెనక వచ్చేవాడు ఆ మూలలో ఒంగడం నేర్చుకునేసరికే వాడి ఆరు రోజులూ అయిపోతాయి. ఆ తర్వాత ఇంకొకడు. ఎంతమందిని పంపిస్తారు చెప్పు?"

"అది ఇంజనీరుగారు చూసుకుంటారు. నీకెందుకురా?"

"చూసుకుంటారు, అద్దం అవతల్నుంచి! బ్యాడ్జీ నీ దగ్గరే ఉంచు. నేనొక్కణ్ణే కోసేసి వచ్చేస్తా."

ఇది వాడి మంచితనమే అని తమరికి చెప్పను. సగం మంచితనం, సగం మొండితనం. తను మొదలుపెట్టిన పని ఇంకొకడి చేతికి ఇవ్వడం చిన్నప్పటినుంచీ వాడికి గిట్టదు, సైకిలు పంక్చరైనా సరే. నేను పెద్దవాణ్ణి. వద్దని గట్టిగా చెప్పవలసినది. చెప్పలేదు.

3. అది మొదలు నలభై ఒక్క పనిదినములు ఆ బ్యాడ్జీ నా బల్ల సొరుగులో, భోజనం క్యారేజీ పక్కన ఉన్నది. సాయంత్రం వాడు ముసుగు తీసి వచ్చేసరికి బుగ్గల మీద దాని అంచు ఎర్రటి గీతలా పడి ఉండేది. "ఎంతొచ్చింది అన్నయ్యా?" అని అడిగేవాడు. "సున్నరా" అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. అయ్యా, మేము నవ్వాము. ఆ నవ్వు గుర్తొస్తే నాకు అన్నం సహించడం లేదు.

4. ఆ సొరుగు తాళంచెవి నా దగ్గర తప్ప వేరెవరి దగ్గరా ఉండదు. బ్యాడ్జీ అందులో పెట్టింది నేను. సున్న వేసి కింద సంతకం పెట్టింది నేను. ఇందులో నా తమ్ముడి తప్పు లేదని ధ్రువీకరించుచున్నాను.

5. ప్రస్తుతం వాడికి రక్త క్యాన్సర్. ఇది ఆ పని వల్లే వచ్చిందని నేను అనడం లేదు. పెద్ద డాక్టరుగారు కూడా అనలేదు. "వచ్చి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు, అంకె ఉంటే కదా ఏదైనా చెప్పేది" అన్నారు. రిజిస్టరులో అంకె ఉన్నవాళ్ళనే కేంద్రం ఆస్పత్రి చేర్చుకుంటుంది. ఈ జబ్బుకు వైద్యం తెలిసిన డాక్టర్లు అక్కడే ఉన్నారు. నా తమ్ముడు మామూలు ఆస్పత్రి వరండాలో, తలుపుకు అడ్డంగా వేసిన మంచం మీద ఉన్నాడు. ఎవరు లోపలికి వెళ్ళినా కాళ్ళు ముడుచుకోవాలి.

ఇంకొక సంగతి. లోపలివాళ్ళు విడిచిన మైలబట్టల సంచులు లెక్కపెట్టడానికి రోజూ ఆ గది గుమ్మం దాకా వెళ్తాను గనుక నా బ్యాడ్జీలో కాస్త అంకె చేరింది. కుర్చీలో కూర్చున్న నాకు వచ్చిన డోసు, పైపులు కోసినవాడికంటే ఎక్కువ! ఆ అంకె పుణ్యమాని ఆస్పత్రి కార్డు నాకు ఇంటికి వచ్చింది. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, దాన్ని తిరగేసి చూసి, "ఇది మీకెందుకొచ్చింది బావగారూ? పేరు తప్పు పడిందేమో అడగండి" అన్నది. కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు.

6. ఈ కేంద్రం మీద నాకు కోపం లేదని కూడా మనవి. ముప్పై ఏళ్ళు పొగ లేకుండా కరెంటు ఇచ్చింది. మా అమ్మాయి నెలలు నిండకుండా పుట్టి మూడు వారాలు ఆస్పత్రి గాజుపెట్టెలో బతికినది ఆ కరెంటుతోనే. మూతపడినదాన్ని ఎవరో ఒకరు కోసి, డబ్బాల్లో సర్ది, భూమిలో భద్రం చేయవలసినదే. ఆ పని చేసినవాణ్ణి చేయలేదని మాత్రం అనవద్దు. అది వాడు తట్టుకోలేకపోతున్నాడు, నేనూ తట్టుకోలేకపోతున్నాను.

కావున తమరు దయయుంచి,

(అ) ఆ గది గోడ మీటరు యొక్క నలభై ఒక్క రోజుల రీడింగులు, లోపలి తలుపు దగ్గర వాడు పెట్టిన సంతకాలు జతపరచితిని. వాటిని బట్టి వాడి డోసు లెక్కగట్టి, నా సున్నలు కొట్టివేయించగలరు.

(ఆ) లెక్క తేలేలోగా నా కార్డు మీద వాణ్ణి చేర్చుకొనగలరు. నా డోసు వాడి పేరుకు బదిలీ చేయుటకు నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. అట్టి నియమము లేనిచో, ఈ ఒక్కసారికి ఒకటి పెట్టగలరు.

(ఇ) నాపై తీసుకొను చర్య ఏదైనను స్వీకరించెదను. మంచం మాత్రం ముందు ఇప్పించండి.

ఈ మనవి చిత్తగించి, ఆ సున్నలను ఇక వాడి పేరు ఎదుట ఉండనీయకుందురని వేడుకొనుచున్న

తమ విధేయుడు,
బ్యాడ్జీ గది గుమాస్తా

తాజా కలం: అర్జీ మడిచేముందు తమ్ముడు చదవమన్నాడు. చదివాను. నాలుగో అంశం దగ్గర ఆపి, "అది కొట్టెయ్ అన్నయ్యా. నేనే నీకు తెలియకుండా సొరుగులో పెట్టానని రాయి. నీ ఉద్యోగం పోతే రెండిళ్ళూ ఎవరు చూస్తారు?" అన్నాడు. అంత మాట్లాడేసరికే ఆయాసం వచ్చింది. సరేనని వాడి ఎదురుగా కలం తీసి, ఒక ఖాళీ కాగితం మీద గీత గీశాను. వాడికి ఇప్పుడు కళ్ళు సరిగా ఆనడం లేదు. గీసిన చప్పుడు విని, "హమ్మయ్య" అని పడుకున్నాడు.

నలభై ఒక్క రోజులు వాడు చెప్పినట్టే రాశాను. ఈ ఒక్కటి వాడు చెప్పినట్టు రాయలేకపోయాను. తమరు విచారణకు వచ్చి వాడితో మాట్లాడవలసి వస్తే, నాలుగో అంశం కొట్టేసే ఉందని చెప్పండి బాబూ. మీ కాళ్ళు పట్టుకుంటాను.