భుజాల మీద పోయే ఇల్లు

9 నవంబరు 1984

గాలి చల్లబడింది. కిటికీ తీస్తే సముద్రం వాసన, అందులో కాస్త డీజిలు. ఫుజైరా ముందర ఎన్ని ఓడలో... యుద్ధం వల్ల అఖాతం లోపలికి పోలేక ఇక్కడే లంగరు వేసుకున్నాయని మా యజమాని బాబా అంటాడు.

ఉమ్మీకి ఇన్సులిన్ సూది ఇక నేనే వేయాలట. బాబా తల్లికి సూది వేయడం చిన్న పని కాదు. పదో తరగతి పాసయ్యావు, సూది మీది గీతలు చదవగలవు అని ఇంటావిడ మామా నాకు అప్పగించింది. ఊళ్ళో మా ఇంట్లో గీతలు చదివేది నేనొక్కదాన్నే. నాన్న దూది ఏకుతాడు, అమ్మ పరుపులు కుడుతుంది.

14 నవంబరు

నాతోపాటు ఇక్కడ పనిచేసే బెస్సె అన్నం ముట్టలేదు. చేపల బజారులో వాళ్ళ దేశపు నావికుడు కనపడ్డాడట. పక్క దీవివాడు. ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడట — మీ అన్న నీ ఇల్లు ఎత్తించబోతున్నాడు.

అమ్మేస్తున్నాడా అని అడిగాను. కాదట. ఎత్తడమే. వంటింట్లోనే చూపించింది. మోకాళ్ళు వంచి, భుజం మీద ఏదో పెట్టుకున్నట్టు లేచి, నాలుగడుగులు నడిచింది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

16 నవంబరు

ఇప్పుడు తెలిసింది. కాస్త హిందీ, కాస్త అరబ్బీ, మిగతాది చేతులతో చెప్పింది.

వాళ్ళ దీవిలో ఇళ్ళు చెక్కవి, స్తంభాల మీద నిలబడతాయి. నేల వేరు, ఇల్లు వేరు. కొబ్బరిచెట్టు కూడా ఎవరి నేలలో ఉన్నా నాటినవాళ్ళదే. బెస్సె ఇంటి కింద నేల మేనమామది. ఇల్లు మాత్రం అమ్మది, అమ్మ తర్వాత కడగొట్టు కూతురిది. అంటే బెస్సెదే. అమ్మ నిరుడు పోయింది. అప్పటి నుంచీ తాళం. మనిషి లేని ఇల్లు చెదలపాలవుతుంది, నా పెళ్ళాం దొడ్లో పెట్టుకుంటానంటున్నాడట అన్న.

ఊరి మగవాళ్ళంతా వెదుళ్ళు కట్టి, కింద భుజాలు పెట్టి, ఒక్కసారిగా లేపుతారు. ఒకసారి ఇంకొకరి దొడ్లో దిగాక అది నాది అంటే వినేవాళ్ళు ఉండరట.

17 నవంబరు

ఎప్పుడు ఎత్తుతారు అని అడిగాను. పడమటిగాలి పట్టాక. అప్పుడు వేట ఉండదు, మగవాళ్ళు అందరూ ఊళ్ళోనే ఉంటారు. కానీ ఆ గాలికి పడవలు కూడా నిలిచిపోతాయి. గాలికి ముందే చేరాలి. చేరకపోతే ఒడ్డున కూర్చుని ఎదురుచూడటమే.

ఆమె పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉంది.

19 నవంబరు

కారు తుడుస్తున్న డ్రైవరు ఓబులేసన్నకు చెప్పాను. "ఇల్లు మోసకపోతారా! మా పక్క నాపరాళ్ళ ఇండ్లు మ్మే. యా మొనగాడు మోస్తాడో రమ్మను, సూద్దాం" అని నవ్వాడు. తర్వాత గుడ్డ పిండుతూ మెల్లగా అన్నాడు, బాబాకు నువ్వే చెప్పాలని. ఆమెకు అరబ్బీ సరిగా రాదు. ఆయనకు ధైర్యం లేదు.

నాకుందా?

22 నవంబరు

చెప్పాను. భోజనాలయ్యాక. రెండు రోజులు లోపల వల్లించుకున్న మాటలే. బాబా, బెస్సె ఇల్లు ఎత్తుకుపోతారు, సెలవివ్వండి. దొంగలు పడ్డారా అన్నాడు. కాదు, ఇల్లే, భుజాల మీద.

బాబా నవ్వాడు. మామా ఇంకా ఎక్కువ నవ్వింది. "ఎవరికైనా జబ్బు చేస్తే చెప్పు. ఇల్లు నడుస్తోందని చెప్పకు. ఖలాస్, అంతే" అన్నాడు బాబా.

బెస్సె గుమ్మం దగ్గర నిలబడి వాళ్ళ నవ్వులు చూసింది. పని అయిందనుకుంది. వంటింట్లోకి వచ్చి నా చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. కాలేదని చెప్పవలసింది కూడా నేనే.

23 నవంబరు

బెస్సె మాట్లాడటం లేదు. నాతోనే కాదు, ఎవరితోనూ.

తల్లి చచ్చిపోయిందని చెప్పాల్సింది అంటాడు ఓబులేసన్న. తల్లి నిజంగానే చచ్చిపోయింది. అప్పుడూ పంపలేదు.

27 నవంబరు

సూది వేస్తుంటే ఉమ్మీ అడిగింది, ఆ పిల్ల కళ్ళు ఎందుకలా ఉన్నాయని. మళ్ళీ నవ్వుతారేమో... చెప్పాను.

నవ్వలేదు. ఇల్లు దేనితో కట్టారు అంది. చెక్క. పైన? ఆకులు. తర్వాత తన మాట చెప్పింది. వాళ్ళదీ ఖర్జూరపు మట్టల ఇల్లేనట, సముద్రం ఒడ్డున. ఎండాకాలం తోటకు పోయి ఉండేవాళ్ళట. ఒక ఏడు తిరిగి వచ్చేసరికి మరిది ఆ మట్టలన్నీ విప్పుకుపోయాడు. ఇసకలో గుంతలు మిగిలాయి. పసిపిల్లవాణ్ణి ఎత్తుకుని ఆ గుంతల మధ్య నిలబడిందట.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక బాబాను పిలిపించింది. తలుపు మూయలేదు.

"నువ్వు పుట్టిన ఇల్లు అది. ఇప్పుడు నవ్వు."

బాబా వెళ్ళి బీరువా తెరిచాడు.

3 డిసెంబరు

బెస్సె వెళ్ళింది. దుబాయ్ దాకా కారు, జకార్తా దాకా విమానం. అక్కడి నుంచి ఓడ, లారీ, ఆఖరున చిన్న పడవ. గాలి ఆగుతుందా ఆమె కోసం...

రెండు నెలల సెలవు. రాకపోతే ఆమె చోట ఇంకో మనిషిని తెస్తానన్నాడు బాబా.

కారెక్కే ముందు నేనే అడిగాను, వస్తావు కదా అని.

"ఇల్లు ఉంటే రాను. లోపల మనిషి ఉండాలి. లేకపోతే మళ్ళీ ఎత్తుతారు."

"ఇల్లు లేకపోతే?"

"వస్తా."

ఎంత తేలిగ్గా అంది.

12 డిసెంబరు

పనంతా నాదే. అలసట మంచిదే, ఆలోచన రాదు. ఓబులేసన్నతో ఎక్కువ మాట్లాడితే మామాకు నచ్చదు. ఇవాళ పొయ్యి దగ్గర "తిన్నావా" అని పైకే అన్నాను. బెస్సెకు నేను నేర్పిన తెలుగు అదొక్కటే. జవాబు రాకపోయేసరికి తెలిసింది, అన్నానని.

20 డిసెంబరు

అక్కడ గాలి పట్టి ఉంటుంది.

6 జనవరి 1985

చేపల బజారు. వాళ్ళ దేశంవాడిలాగే ఉన్న ఒక నావికుణ్ణి ఆపి ఆ దీవి పేరు చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. వెనక నుంచి ఓబులేసన్న — "వాళ్ళ దేశంలో దీవులు ఆకాశంలో సుక్కలన్ని ఉండాయంట మ్మే. యాడని ఎతుకుతాడు వాడు?"

18 జనవరి

ఉమ్మీ రోజూ అడుగుతుంది, ఎత్తారా అని. తెలియదు ఉమ్మీ అంటాను. ఇవాళ ఇంకో ప్రశ్న. నీ ఇల్లు ఎవరిది?

తమ్ముళ్ళది అన్నాను. గోడలు నా డబ్బుతో లేస్తున్నాయి. ఎవరూ ఎత్తుకుపోలేరు దాన్ని. ఉమ్మీ నన్నే చూస్తూ ఉంది. సూది కడగడానికి లేచి వచ్చేశాను.

25 జనవరి

నమాజు చివర చేతులు చాచాను. బెస్సె ఇల్లు నిలవాలని అడగబోయాను. అడిగితే ఆమె ఇక రాదు. రావాలని అడిగితే, ఇల్లు పోవాలని అడిగినట్టే. ఏమీ అడగకుండా లేచాను.

4 ఫిబ్రవరి

మామా పొద్దునే చెప్పింది, మీ గదిలో ఆ మంచం సర్దు, రేపు ఖద్దామా, అంటే పనిమనిషి, వస్తోందని. బెస్సెనా, కొత్త మనిషా అని అడిగాను. ఫోనులో ఉంది. యల్లా, యల్లా అని తొందరపెడుతూ చెయ్యి ఊపింది.

బాబా అప్పటికే దుబాయ్ వెళ్ళాడు, ఒక్కడే. ఓబులేసన్నను రావద్దన్నాడట. "ఎవురొచ్చేదీ నాకు చెప్పల్యా మ్మే. ఎవురైతే ఏముంది, నీకు తోడు గదా" అన్నాడు.

దుప్పటి మార్చాను. బెస్సెకు ఒక దిండు చాలదు, రెండు ఉండాలి. కొత్త మనిషికి ఒకటే ఇస్తారు. ఒకటి పెట్టాను. రెండోది చేతిలోనే ఉంది...